రెండు మార్కుల భూతాపం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంటర్మీడియట్ విద్యామండళ్ల కార్యదర్శులకు,
భౌతికశాస్త్ర సిలబస్ సంఘాల గౌరవ సభ్యులకు,



మీ ఫస్టియర్ ఫిజిక్స్‌లో ఒక ప్రశ్న ఉంది. రెండు రాష్ట్రాల్లో ఏ ఎంపీసీ పిల్లవాణ్ణి అర్ధరాత్రి లేపి అడిగినా గడగడా అప్పజెబుతాడు. "గ్రీన్‌హౌస్ ప్రభావం అంటే ఏమిటి? భూతాపాన్ని వివరించండి." విలువ రెండు మార్కులు. తెలుగు అకాడమీ పుస్తకంలో పదార్థాల ఉష్ణ ధర్మాల పాఠం చివర అతి స్వల్ప సమాధాన ప్రశ్నల వరుసలో ఏళ్లుగా ఉంటూ వచ్చినదే. రైలు పట్టాల మధ్య ఖాళీ ఎందుకు వదులుతారు, గదుల్లో వెంటిలేటర్లు పైకప్పు కిందే ఎందుకు పెడతారు అన్నవి దాని ఇరుగుపొరుగు. ప్రధాన మార్గాల్లో పట్టాలను వెల్డింగు చేసి అతికేసి చాలా కాలమైంది. కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంట్లలో వెంటిలేటర్ కోసం వెతికినా దొరకదు. ఆ మాట పక్కన పెడదాం.

స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్న ప్రతి ఫిజిక్స్ లెక్చరర్‌కూ ఈ ప్రశ్నకు వచ్చే జవాబు కంఠతా వచ్చేసి ఉంటుంది. 'సూర్యుని వేడిని వాయువులు బంధించడాన్ని గ్రీన్‌హౌస్ ప్రభావం అంటారు. దీనివల్ల ఓజోన్ పొరకు రంధ్రం పడి భూమి వేడెక్కుతుంది. కాబట్టి చెట్లు నాటాలి.' మొదటి వాక్యం సగం తప్పు. సూర్యకాంతి చాలావరకు గాలిలోంచి దర్జాగా లోపలికి వచ్చేస్తుంది, వాయువులు పట్టుకునేది భూమి తిరిగి వెలువరించే పరారుణ కిరణాలను. రెండో వాక్యం మొత్తం తప్పు. మూడోది ఫిజిక్సే కాదు. అయినా 'కీ'లో ఉన్న రెండు మాటలు కళ్లకు కనబడ్డాయి కనుక మార్కులు పడిపోతాయి. ఒక తరం తన జీవితకాలమంతా అనుభవించబోయే అతిపెద్ద భౌతిక ఘటన గురించి ఫిజిక్స్ చదివిన పిల్లకు తెలిసినది అంతే.

ఇది చాలదని, ఆ విషయాన్ని ఫిజిక్స్‌లో ఫిజిక్స్‌గా చెప్పాలని అడిగినప్పుడల్లా పైనుంచి ఒకే సమాధానం వస్తోంది. "అది పర్యావరణ విద్యలో ఉంది కదండీ." ఈ ఉత్తరం ఆ సమాధానానికే.

పర్యావరణ విద్య ఎలా ఉందో మీకు తెలియనిది కాదు. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరులో పర్యావరణాన్ని బడుల్లో, కాలేజీల్లో తప్పనిసరి పాఠ్యాంశం చేయమంది. ఇంటర్‌లో ఆ పేరుతో మనం నడిపినది ఫస్టియర్ పిల్లలకు ఒక అర్హత పరీక్ష. నైతికత, మానవ విలువల పరీక్షకు అది జంట. వంద మార్కుల ప్రశ్నపత్రం, మూడు గంటల సమయం, వచ్చిన మార్కులు మాత్రం మొత్తంలో కలవవు. పాసైతే చాలు. దానికి ప్రత్యేకంగా లెక్చరర్ ఉండడు, టైంటేబుల్‌లో పీరియడ్ ఉండదు. చాలా కాలేజీల్లో ముందురోజు పలచటి గైడు ఒకటి చేతిలో పెడతారు, ఆఫీసు గుమాస్తా హాజరు చూసుకుంటాడు. ఇన్విజిలేషన్‌కు వెళ్లిన వాళ్లెవరైనా చెబుతారు, ఆ పరీక్ష హాలులో గంట తిరిగేసరికి పిల్లల ధ్యాస అంతా ఒళ్లో పెట్టుకున్న ఐఐటీ మెటీరియల్ మీదికి పోతుంది.

మార్కులు కలవని పరీక్ష పెట్టి, ఈ విషయం ముఖ్యమని పిల్లలు నమ్మాలని మీరు ఎలా అనుకుంటున్నారు? మన పిల్లలకు మనం నేర్పిన మొదటి పాఠమే మార్కులను బట్టి విలువ అని. ఆ కొలబద్దతో మీరు భూతాపానికి కట్టిన వెల రెండు మార్కులూ, ఒక సున్నా.

పోనీ, వేరే సబ్జెక్టుల్లో చెబుతున్నారా? 2022లో కోవిడ్ కాలపు చదువు బరువు తగ్గించే పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ కత్తెర పట్టింది. పదో తరగతి సైన్స్‌లో 'శక్తి వనరులు' పాఠం పోయింది. 'సహజ వనరుల నిర్వహణ' పాఠం పోయింది. పదకొండో తరగతి రసాయనశాస్త్రంలో పర్యావరణ రసాయనశాస్త్రం పోయింది. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో పర్యావరణ సమస్యల అధ్యాయం పోయింది. ఫిజిక్స్‌లో అర్ధవాహకాల పాఠం నుంచి సౌరఘటం ఎగిరిపోయింది. ఫిజిక్స్ వాళ్లను అడిగితే బోటనీ వైపు చూపిస్తారు, బోటనీ వాళ్లు కెమిస్ట్రీ వైపు చూపిస్తారు, కెమిస్ట్రీ వాళ్లు పర్యావరణ విద్య వైపు చూపిస్తారు. అన్ని గడపలూ తొక్కి వచ్చిన పిల్లవాడికి చివరికి మిగిలేది ఆ గైడు పుస్తకం.

అది ఢిల్లీ నిర్ణయం, మాకేం సంబంధం అనకండి. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి 2024-25 నుంచి, ఇంటర్ మొదటి సంవత్సరానికి 2025-26 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలనే తెచ్చుకున్నాం. కత్తిరించిన పుస్తకాన్ని కత్తిరించినట్టే తెచ్చుకోవాలన్న నిబంధన ఎక్కడైనా ఉందా? విద్య ఉమ్మడి జాబితాలో ఉంది. మన అవసరానికి తగ్గ అనుబంధం మనం చేర్చుకోవచ్చు. తెలంగాణ మండలికైతే ఆ సాకు కూడా లేదు.

సౌరఘటం సంగతి మరీ విడ్డూరం. కోటి ఇళ్ల కప్పుల మీద సోలార్ పలకలు పెట్టిస్తామని కేంద్రం 2024 ఫిబ్రవరిలో సూర్యఘర్ పథకం ప్రకటించింది. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల సౌర పార్కు ఉంది. ఆ పార్కు పక్క ఊళ్లో సైన్స్ చదివే పిల్లకు పి-ఎన్ సంధి మీద కాంతి పడితే కరెంటు ఎలా పుడుతుందో కత్తిరించిన పుస్తకంలో ఉండదు. డయోడు ఏకధిక్కరణి వరకే చదువు. ఎవరి బరువు తగ్గించడానికి ఈ కోత?

ఇక అసలు విషయానికి వస్తాను. భూగోళం వేడెక్కడం పర్యావరణ సమస్య అయ్యే ముందు భౌతికశాస్త్ర ఫలితం. నీతిపాఠంగా చెబితే పిల్లలు తల ఊపి మర్చిపోతారు. లెక్కగా చేయిస్తే కాదనలేరు. ఆ లెక్కకు కావలసిన సరంజామా అంతా మీ సిలబస్‌లోనే ఉంది, కొత్త సూత్రం ఒక్కటి కూడా అక్కర్లేదు.

సూర్యుడి నుంచి భూమి దగ్గరకు చదరపు మీటరుకు 1361 వాట్లు వస్తాయి. అందులో దాదాపు 30 శాతాన్ని మేఘాలు, మంచు, ఇసుక తిప్పి పంపేస్తాయి. మిగిలింది 953. భూమి సూర్యుడికి ఎదురుగా ఒక వృత్తంలా కనబడుతుంది, వేడిని వెలువరించేదేమో గోళం మొత్తం. పై ఆర్ స్క్వేర్‌ని నాలుగు పై ఆర్ స్క్వేర్‌తో భాగిస్తే నాలుగో వంతు, అంటే సగటున చదరపు మీటరుకు 238 వాట్లు. ఎంత లోపలికి వస్తే అంత బయటికి పోవాలి. స్టీఫన్ నియమంలో 238 పెట్టి ఉష్ణోగ్రత కట్టండి. 255 కెల్విన్. అంటే సున్నాకు కింద 18 డిగ్రీల సెల్సియస్.

ఈ లెక్క బోర్డు మీద చేయించిన రోజు ఒక అమ్మాయి జవాబును కొట్టేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మళ్లీ అదే వచ్చింది. కిటికీలోంచి బయటికి చూసింది. మార్చి నెల, మిట్టమధ్యాహ్నం, ఫ్యాను తిరుగుతున్నా చొక్కాలు తడిసి ఉన్నాయి. "సార్, మైనస్ పద్దెనిమిది ఎలా వస్తుంది? ఎక్కడో తప్పు చేశాను," అంది. తప్పు చేయలేదమ్మా, నువ్వు గాలిని లెక్కలోకి తీసుకోలేదు అన్నాను. భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు 15 డిగ్రీలు. లెక్కకూ వాస్తవానికీ మధ్య ఉన్న 33 డిగ్రీల తేడాయే గ్రీన్‌హౌస్ ప్రభావం. అది లేకపోతే మనం లేము. క్లాసులో ఎవరూ దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా చూడలేదు. బెల్లు కొట్టాక కూడా ప్రశ్నలు ఆగలేదు.

నత్రజని, ఆక్సిజన్ ఎందుకు పట్టుకోవు, కార్బన్ డయాక్సైడ్ ఎందుకు పట్టుకుంటుంది? రెండు ఒకే రకం పరమాణువుల అణువు కంపించినా దాని ద్విధ్రువ భ్రామకం మారదు, కాబట్టి పరారుణ తరంగంతో దానికి పొత్తు కుదరదు. కార్బన్ డయాక్సైడ్ అణువు వంగుతుంది, ఆ వంపుకు సరిపోయే తరంగదైర్ఘ్యం దాదాపు 15 మైక్రోమీటర్లు. భూమి ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా వెలువరిస్తుంది? వీన్ నియమంలో 288 కెల్విన్ పెడితే 10 మైక్రోమీటర్లు వస్తుంది. అంటే భూమి వెలువరించే వేడి వర్ణపటం నడుమనే ఆ అణువు కూర్చుని ఉంది. వీన్ నియమాన్ని నిర్వచించమని మీరు అడుగుతుంటారు. దాన్ని ఉపయోగించమని ఎందుకు అడగరు?

ఇంకో అడుగు వేస్తే, కార్బన్ డయాక్సైడ్ పెరిగిన కొద్దీ అంతరిక్షంలోకి వేడి పంపే పొర పైపైకి జరుగుతుంది. పైన చలి. చల్లటి పొర తక్కువ వెలువరిస్తుంది, స్టీఫన్ నియమం ప్రకారమే. లోపలికి వచ్చింది బయటికి పోక కింద వేడి పెరుగుతుంది, లెక్క మళ్లీ సరిపడే దాకా పెరుగుతూనే ఉంటుంది. మన పుస్తకాలు చెప్పే గాజు ఇంటి పోలిక ఇక్కడ అక్కరకు రాదు. గాజు ఇల్లు వేడెక్కేది ముఖ్యంగా లోపలి వేడి గాలి పైకి లేచి పోకుండా ఆపడం వల్ల, అంటే సంవహనాన్ని ఆపడం వల్ల. ఉష్ణ ప్రసారం మూడు విధాలని చెప్పిన పాఠంలోనే మూడింటినీ కలగాపులగం చేసేశాం.

ఇది కొత్త శాస్త్రం కాదు, వివాదంలో ఉన్న శాస్త్రం అంతకన్నా కాదు. 1824లో ఫోరియర్ భూమి ఎందుకు ఇంత వెచ్చగా ఉందని అడిగాడు. 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ గాజు గొట్టాల్లో థర్మామీటర్లు పెట్టి ఎండలో ఉంచి, కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం ఎక్కువ వేడెక్కడం చూసింది. 1859లో టిండాల్ ఏ వాయువు ఎంత పరారుణ వేడిని పీల్చుకుంటుందో కొలిచాడు. 1896లో ఆర్హీనియస్ కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి అయిదారు డిగ్రీలు వేడెక్కుతుందని కాగితం మీద చేతి లెక్కతో కట్టాడు. ఇప్పటి అంచనాల కన్నా అది ఎక్కువే, కానీ దిశ తప్పలేదు.

చిత్రమేమిటంటే ఈ పేర్లలో చాలావాటిని మన పిల్లలు ఎరుగుదురు. కొలాయిడ్లలో టిండాల్ ప్రభావం చదువుతారు. రసాయన గతిశాస్త్రంలో ఆర్హీనియస్ సమీకరణం వేస్తారు, ఆమ్లక్షార సిద్ధాంతంలో మళ్లీ ఆయనే. ఈ మనుషులు చేసిన అతి ముఖ్యమైన పనుల్లో ఒకటి ఏమిటో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇది ఫిజిక్స్ కాదనే మాట మీలో ఎవరైనా ఇంకా అంటారేమోనని ఒక్క విషయం గుర్తు చేస్తాను. 2021 భౌతికశాస్త్ర నోబెల్‌లో సగం సుకురో మనాబే, క్లాస్ హాసెల్‌మన్‌లకు వచ్చింది. భూమి వాతావరణానికి భౌతిక నమూనాలు కట్టి, భూతాపాన్ని నమ్మదగిన రీతిలో అంచనా వేసినందుకు. శాంతి బహుమతి కాదు, భౌతికశాస్త్ర బహుమతి. స్టాక్‌హోంలో ఫిజిక్స్ అయింది హైదరాబాద్‌లో, తాడేపల్లిలో ఎందుకు కాలేదు?

ఇక్కడ మీ అసలు అభ్యంతరం వినబడుతోంది. సిలబస్ ఇప్పటికే పొంగిపొర్లుతోంది. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో రాని విషయం ఎవరు చదువుతారు? నిజమే, ఎప్‌సెట్‌లో నలభై ఫిజిక్స్ ప్రశ్నలుంటాయి, మా కాలేజీల్లో బుర్రలన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి. కాదనను. కానీ నేను కొత్త అధ్యాయం అడగడం లేదు. అధ్యాయం పెంచితే అదీ గైడులోకి ఎక్కి మరో రెండు మార్కుల ముక్క అవుతుంది. ఉన్న అధ్యాయాల్లో లెక్కలు మార్చమంటున్నాను.

పని, శక్తి, సామర్థ్యం పాఠంలో ఇప్పటికీ బావిలోంచి నీళ్లు తోడే మోటారు లెక్కే ఉంది. మనది ఎత్తిపోతల నేల. పేపరు చదివే రైతు నోట్లో కూడా టీఎంసీ అనే మాట ఆడుతుంది. ఒక టీఎంసీ అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు, 2,830 కోట్ల కిలోల నీరు. దాన్ని వంద మీటర్లు ఎత్తితే ఎం-జి-హెచ్ ప్రకారం ఎన్ని యూనిట్ల కరెంటు? పంపుల నష్టం వదిలేసినా 77 లక్షల యూనిట్లు. ఆ కరెంటు బొగ్గు నుంచి వస్తే యూనిట్‌కు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ చొప్పున ఏడున్నర వేల టన్నులు పైనే. అదే నీటిని పగలు సౌర విద్యుత్తుతో పైకి ఎక్కించి రాత్రి కిందికి వదిలితే టర్బైన్ తిరుగుతుంది. శ్రీశైలం ఎడమగట్టులోనూ, నాగార్జునసాగర్‌లోనూ అలా తిరగ్గల రివర్సిబుల్ టర్బైన్లు ఉన్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్లకు అలాంటి ప్రాజెక్టే కట్టారు. స్థితిశక్తి పాఠానికి ఇంతకన్నా పెద్ద ప్రయోగశాల ఏ దేశపు పాఠ్యపుస్తకంలో ఉంది? మన పిల్లలు మాత్రం ఏటవాలు తలం మీద దిమ్మెలు జార్చుకుంటూ కూర్చున్నారు.

గుప్తోష్ణం పాఠం తీసుకోండి. మంచుముక్కను ఆవిరి చేయడానికి కావలసిన వేడి కట్టమంటాం. మంచుముక్క కన్నా మన పిల్లలకు చెమట బాగా తెలుసు. విశ్రాంతిగా కూర్చున్న మనిషి ఒళ్లు వంద వాట్ల బల్బంత వేడిని వదులుతుంది. బయటి గాలి ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు ఆ వేడి పోవడానికి ఉన్నది ఒక్క దారి, చెమట ఆరడం. కిలో చెమట ఆరితే దాదాపు 24 లక్షల జౌళ్లు పోతాయి. కూర్చున్నవాడికి గంటకు 150 మిల్లీలీటర్లు చాలు. ఎండలో మట్టి మోసేవాళ్ల ఒంట్లో 400 వాట్ల దాకా పుట్టవచ్చు, అప్పుడు 600 మిల్లీలీటర్లు. పైనుంచి పడే ఎండ వేడి ఇందులో కలపనే లేదు. రామగుండంలో గాలి పొడిగా ఉంటే చెమట ఆరిపోతుంది. మచిలీపట్నంలో గాలి నిండా తడి, చెమట కారుతుందే గాని ఆరదు. థర్మామీటర్ తక్కువ చూపించినా ఉక్కపోత ఎక్కువ ప్రమాదం ఎందుకో ఈ లెక్క చేసిన పిల్లకు ఇట్టే తెలుస్తుంది. తడి బల్బు ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరితే నీడలో కూర్చుని నీళ్లు తాగుతున్నా శరీరం వేడిని వదిలించుకోలేదు.

2015 మే నెల వడగాల్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే అత్యధికులు మన రెండు రాష్ట్రాలవాళ్లు. వాళ్లలో చాలామంది ఎండలో పనికి పోయినవాళ్లూ, ముసలివాళ్లూ. గుప్తోష్ణం నిర్వచనం రాసి రెండు మార్కులు తెచ్చుకున్న పిల్లలు వాళ్ల ఇళ్లలోనూ ఉండి ఉంటారు. తల్లిని మధ్యాహ్నం పనికి పోవద్దని ఆపగలిగే ఫిజిక్స్ వాళ్లకు మనం చెప్పామా?

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మిట్టమధ్యాహ్నం డాబా మీద చదరపు మీటరుకు దాదాపు వెయ్యి వాట్లు పడతాయి. నల్లబడ్డ కాంక్రీటు ఎంత పీల్చుకుంటుంది, సున్నం కొట్టిన కప్పు ఎంత తిప్పికొడుతుంది? పరిపూర్ణ కృష్ణ వస్తువు శోషణ సామర్థ్యం ఎంత అని అడిగే బదులు ఈ ప్రశ్న అడగడానికి అడ్డేమిటి? రెండు పాల డబ్బాలు, ఒకదానికి మసి, ఒకదానికి సున్నం, రెండు థర్మామీటర్లు. ప్రాక్టికల్స్‌కు ఇంతకన్నా చవకైన ప్రయోగం ఉండదు.

ఇంకో ప్రశ్న కూడా మీ పుస్తకంలో ఉంది. చలి దేశాల్లో సరస్సులు గడ్డకట్టినా చేపలు ఎలా బతుకుతాయి? నీటి అసంగత వ్యాకోచం. మంచి ప్రశ్నే. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఊరిని మింగుకుంటూ వస్తోంది. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది, సముద్ర మట్టం పెరగడానికి ఉన్న పెద్ద కారణాల్లో అదొకటి. గడ్డకట్టిన సరస్సును ఎన్నడూ చూడని మన పిల్లకు ఆ చేప సంగతి తెలుసు, తన ఊరి ఒడ్డు సంగతి తెలియదు. అయితే ఒక మాట. ఉప్పాడ కోతకు సముద్ర మట్టం ఒక్కటే కారణం కాదు. ఒడ్డున ఇసుక కదలికల్లో వచ్చిన మార్పులూ, నదులు తెచ్చే ఒండ్రు తగ్గడమూ ఉన్నాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను బుడమేరు ముంచినప్పుడూ అంతే. ఒక్కో డిగ్రీ పెరిగితే గాలి దాదాపు ఏడు శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టగలదు, వానలు ఉరవడిగా పడతాయి, అది ఉష్ణగతికశాస్త్రం. వాగు దారిలో ఇళ్లు కట్టడం, గట్లు తెగడం మాత్రం మన నిర్వాకం. ఏది ఎంతవరకు అని విడదీసి చూడగలగడమే సైన్స్ చదువు. ఆ విడదీత రాని చోట రెండు రకాల మనుషులు తయారవుతారు. ప్రతి వానకూ భూతాపమే అనేవాళ్లు ఒకరు, భూతాపమే బూటకం అనేవాళ్లు ఇంకొకరు. సెల్‌ఫోన్లలో ఇద్దరికీ కొదవ లేదు.

బొగ్గు మీద బతికే కుటుంబాల పిల్లలు గోదావరిఖనిలో, కొత్తగూడెంలో నా లాంటివాళ్ల క్లాసుల్లో కూర్చుంటారు, వాళ్ల ముందు ఈ మాటలు ఎలా అని సంకోచిస్తారేమో. లెక్క దాచిపెడితే వాళ్లకు మేలు జరగదు. పైగా లెక్క తెలిస్తే వాళ్లు మనకన్నా గట్టిగా వాదించగలరు. సగటు భారతీయుడి వాటా ఏడాదికి రెండు టన్నుల చిల్లర కార్బన్ డయాక్సైడ్, సగటు అమెరికన్‌ది దాదాపు పద్నాలుగు టన్నులు. 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామని మన దేశం 2021లో గ్లాస్గోలో మాట ఇచ్చింది. ఆ మాట నిలబెట్టాల్సిన ఇంజినీర్లు ఇవాళ మీ ఫస్టియర్ క్లాసుల్లో ఉన్నారు. బొగ్గు తరువాత తమ ఊళ్లో ఏ పని ఉంటుందని అడగాల్సినవాళ్లూ అక్కడే ఉన్నారు.

అధ్యాపకులకు ఇది రాదనే మాట నిజం. మాకు ఎమ్మెస్సీలో వాతావరణ భౌతికశాస్త్రం ఎవరూ చెప్పలేదు. దానికి మందు దూరంలో లేదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి ఇన్‌శాట్-3డీఎస్ ఎగిరింది. దాని మీద ఉన్న సౌండర్ ఆ 15 మైక్రోమీటర్ల ఇరుగుపొరుగు పరారుణ కిరణాలనే చూసి, కార్బన్ డయాక్సైడ్ పీల్చుకునే తీరును బట్టి ఏ ఎత్తులో గాలి ఎంత వేడిగా ఉందో చెబుతుంది. సాయంత్రం టీవీలో వచ్చే తుపాను హెచ్చరిక వెనక ఉన్నది ఆ అణువు ఫిజిక్సే. వేసవి పునశ్చరణ తరగతుల్లో ఒక్క వారం ఈ సంస్థలవాళ్లను పిలిపించండి. మూల్యాంకన శిక్షణకు పిలిచినట్టే ఉత్తర్వు వేసి పిలిపించండి, ఎందుకంటే ఐచ్ఛికం అంటే ఎవరు వస్తారో మనకు తెలుసు.

సుప్రీంకోర్టు 2024లో బట్టమేక పిట్టల కేసులో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం 14, 21 అధికరణాల కింద పౌరుల హక్కని చెప్పింది. తనను ఏది దెబ్బతీస్తోందో తెలియని పౌరుడు ఆ హక్కును ఏ కోర్టులో, ఏ ఆధారంతో అడుగుతాడు? అది నేర్పే బాధ్యత రెవెన్యూ శాఖది కాదు, అటవీ శాఖది కాదు. మీది.

ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందటి కన్నా దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువ. ఆ ఏడు ఇంటర్‌లో చేరిన పిల్లలకు 2070 నాటికి అరవై ఏళ్లు దాటి ఉంటాయి. వాళ్ల కోసం మిమ్మల్ని అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. 255 కెల్విన్ లెక్కను దీర్ఘ సమాధాన ప్రశ్నగా పెట్టి, ఎనిమిది మార్కులకు తగ్గకుండా కేటాయించండి. సౌరఘటం రెండో సంవత్సరం పుస్తకంలో ఉండేలా చూడండి. టీఎంసీ, చెమట, డాబా లెక్కలను నమూనా ప్రశ్నపత్రాల్లోకి తెండి. నమూనా పత్రంలో వస్తే కార్పొరేట్ కాలేజీ మెటీరియల్‌లోకి నెల తిరగకుండా ఎక్కుతుంది, అది మీ చేతిలో ఉన్న అతి పెద్ద బలం. ఎప్‌సెట్ నిర్వాహకులతో మాట్లాడి ఆ నలభైలో రెండు మూడు ప్రశ్నలు ఇక్కడి నుంచి రప్పించండి.

మీ ఫిజిక్స్ సిలబస్ సంఘాల్లో వాతావరణ శాస్త్రం తెలిసినవాళ్లు ఎందరున్నారో, వీటిలో ఏది చేస్తారో, ఏది చేయరో, చేయనిది ఎందుకు చేయరో రాతపూర్వకంగా ప్రకటించమని కోరుతున్నాను. కాలేజీలకు సర్క్యులర్ పంపినా చాలు, నోటీసు బోర్డు మీద మేమే అంటిస్తాం. పర్యావరణ విద్యలో ఉంది కదా అన్న జవాబు మాత్రం ఇక పంపకండి.

భవదీయుడు,
ఒక జూనియర్ కాలేజీ భౌతికశాస్త్ర అధ్యాపకుడు